పెరటి చింత కింద

టెక్కలి దగ్గర తేలినీలాపురంలో పక్షుల్ని చూడాలంటే పెరట్లో మంచం వాల్చుకుంటే చాలు. చింతచెట్ల మీదే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు కాపురం పెడతాయి. చలికాలంలో పొదిగి, ఎండలు ముదిరేసరికి పిల్లలతో ఎగిరిపోతాయి.

చూడటమూ ఒక పనితనమే. కదలకూడదు, మాట్లాడకూడదు. ఫాల్గుణంలో ఓ సాయంత్రం తల్లి గూడబాతు ముక్కు తెరిచింది. పిల్ల ఆ ముక్కు కింది సంచిలోకి మెడదాకా తల దూర్చేసింది. అంతసేపూ నా మనసులో ఇంకో ఆలోచన లేదు.

కింద రెట్టలు, నీచువాసన. అయినా ఊరివాళ్లు విసుక్కోరు. పక్షులొస్తే ఊరికి మంచిదని వాళ్ల నమ్మకం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను దగ్గర్లోని ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడితోటల్ని కూల్చేశాక నిలిచిన ప్రతి చెట్టూ అపురూపమే.

వెళితే కేకలు పెట్టకండి. కాసేపు ఊరకే కూర్చోండి.