చేతి తొడుగు విప్పడానికి అరనిమిషం

బర్లెస్క్ వేదిక మీద మొదటిసారి అడుగుపెట్టబోయే మనిషి మొదట్లోనే సాధన చేసే విద్యల్లో ఒకటి చేతి తొడుగు తీయడం. మోచెయ్యి దాటి పైదాకా వచ్చే శాటిన్ తొడుగు అది. మామూలుగా లాగేస్తే రెండు క్షణాల పని. వేదిక మీద అదే పని అరనిమిషం సాగాలి. ముందు చిటికెనవేలి కొస వదులు చేసి ఆగాలి. తర్వాత ఉంగరపు వేలు, ఆ పైన నడిమి వేలు, ఒక్కో వేలికీ పాటలో ఒక్కో దరువు. చివరికి కొసను పళ్లతో పట్టుకుని, చేతిని మెల్లగా వెనక్కి తీసుకుంటూ జనం కళ్లలోకి చూడాలి. ఇంతా చేస్తే బయటపడేది మోచెయ్యి. బస్సులో, బజారులో రోజూ కనబడే మోచేతి కోసం హాలంతా ఊపిరి బిగబట్టిందంటే, అక్కడ పనిచేసింది ఒంటి అందం ఒక్కటే కాదని ఒప్పుకోవాలి. తెలుగులో దానికి సరిపోయే మాట ఒకటుంది: ఊరించడం. కాలాన్ని సాగదీసి, చూసేవాళ్ల చూపును తన చెప్పుచేతల్లో పెట్టుకోవడమే బర్లెస్క్ అసలు విద్య అనీ, బట్టలు విప్పడం దానికి ఒక సాకు అనీ నా వాదన.

పేరులోనే సగం సాక్ష్యం ఉంది. ఇటాలియన్‌లో ‘బుర్లా’ అంటే వేళాకోళం. 19వ శతాబ్దపు లండన్‌లో బర్లెస్క్ అంటే గంభీరమైన నాటకాలనూ పురాణగాథలనూ పాటలతో, శ్లేషలతో వెక్కిరించే ఆట. జరుక్ శాస్త్రి పేరడీలు చదివి నవ్వుకున్నవాళ్లకు ఆ రుచి కొత్త కాదు. 1868లో నటి లిడియా థాంప్సన్ తన బృందాన్ని వెంటబెట్టుకుని న్యూయార్క్ వెళ్లి, గ్రీకు పురాణం మీద అల్లిన ‘ఇక్సియన్’ ఆడింది. మగవేషాలు ఆడవాళ్లే కట్టారు, కాళ్లకు బిగుతు మేజోళ్లు తొడిగారు, ఆనాటి సంగతుల మీద చతుర్లు విసిరారు. ఆ కాళ్లు నిండా కప్పుకున్న కాళ్లే. పెద్దమనుషుల్ని ఎక్కువగా కలవరపెట్టింది కాళ్లా, మగవాడిలా నిలబడి వాళ్ల మొహం మీదే జోకులేసిన ఆ నోరా అని అడిగితే, నేను నోరే అంటాను. తమ గురించి నీచంగా రాసిన షికాగో సంపాదకుడు విల్బర్ స్టోరీని 1870లో ఆమె, ఆమె తోటివాళ్లు నడివీధిలో కొరడాతో కొట్టి జరిమానా కట్టారు. కొట్టడాన్ని సమర్థించనక్కర్లేదు. ఆ ఆటలో ఉన్నది ఎలాంటి మనుషులో మాత్రం దాన్నిబట్టి తెలుస్తుంది.

బట్టలు విప్పే అంకం అమెరికాలో తర్వాతెప్పుడో వచ్చి చేరింది. మిన్‌స్కీ సోదరులు న్యూయార్క్‌లోని తమ థియేటర్లో జనం మధ్యకు నడిచివెళ్లే వంతెన లాంటి వేదిక వేశారు. అది పారిస్‌లో చూసి తెచ్చుకున్న ఆలోచన. అక్కడా హాస్యం పోలేదు. ఆబట్, కాస్టెల్లో లాంటి హాస్యనటులు ఆ థియేటర్లలోనే రాటుదేలారు. 1930ల్లో పేరు మోగిన జిప్సీ రోజ్ లీ నగ్నత్వాన్ని పెద్దగా నమ్ముకున్న మనిషి కాదు. గౌనును గుండుసూదులతో బిగించి, ఒక్కో సూదీ తీసి విసురుతూ, విప్పే వేళ తన మనసులో మెదిలేది చిత్రకళా, సాహిత్యమూ అని తీరిగ్గా కబుర్లు చెప్పేది. చూడ్డానికి వచ్చినవాడు వినడం మొదలుపెట్టేవాడు, విని తనను చూసి తనే నవ్వుకునేవాడు. ఈ వృత్తికి కాస్త గౌరవమైన పేరు కావాలని జార్జియా సదర్న్ అనే నర్తకి అడిగితే, 1940లో రచయిత మెంకెన్ గ్రీకు మూలం నుంచి ‘ఎక్డీసియాస్ట్’ అనే మాట తయారుచేశాడు. పాము కుబుసం విడవడం అని దాని వెనక అర్థం. మెంకెన్ వెక్కిరించాడో గౌరవించాడో ఇప్పటికీ తేల్చలేం. ఆ మాట కూడా బర్లెస్క్ లాంటిదేనన్నమాట.

ఇక పనితనం సంగతి. కొత్తగా వేదిక ఎక్కేవాళ్లు చేసే ముఖ్యమైన తప్పు తొందర. భయం వేస్తే చేతులు పాట కన్నా ముందు పరిగెత్తుతాయి, నాలుగు నిమిషాల పాటలో రెండో నిమిషానికే విప్పడానికి ఏమీ మిగలదు. అందుకే పాటను ముందే ముక్కలుగా విడగొట్టి, ఏ దరువుకు ఏది జారాలో కట్టుకుంటారు. పూర్వం ఈ భారంలో సగం డ్రమ్ము వాయించేవాడు మోసేవాడు. నర్తకి నడుం విసురును కనిపెట్టి సరిగ్గా ఆ క్షణానికే దెబ్బ వేసేవాడు. రికార్డు పాటకు ఆడే నేటివాళ్లకు ఆ అండ లేదు, లెక్క అంతా తమ ఒంట్లోనే ఉండాలి. దుస్తులు కూడా దర్జీ అంగడిలో దొరికేవి కావు. ఒక్క లాగుతో ఊడి రావాలి, ఊడకూడనప్పుడు ఎంత ఊగినా నిలవాలి. అందుకని బొత్తాల బదులు టిచ్ బటన్లు, కొక్కేలు కుడతారు. మేజోడు మడమ దగ్గర చిక్కుకోకుండా ముందే వదులు చేసుకుంటారు. సాధన ఎప్పుడూ అసలు దుస్తుల్లోనే, వేదిక మీద తొడిగే చెప్పులతోనే చెయ్యాలి. అయినా ఏదో ఒక కొక్కెం మొండికేస్తుంది. విద్య వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ తేడా తెలిసేది అక్కడే: వచ్చిన మనిషి ఆ కొక్కేన్ని కోపంగా చూసి, జనం వైపు తిరిగి కనుబొమ్మ ఎగరేసి, ఆ ఇబ్బందినే ఆటలో కలిపేస్తుంది. విసనకర్రల ఆట మరీ కష్టం. 1933లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో శాలీ రాండ్ రెండు పెద్ద ఉష్ట్రపక్షి ఈకల విసనకర్రలతో ఆడి పోలీసుల చేత పదేపదే అరెస్టయింది. ఒకటి కదిలేలోగా రెండోది ఆ చోటికి చేరాలి, ఆ సంగతి ఎవరికీ తెలియకూడదు. జనం చూశామనుకున్నది చాలావరకు వాళ్ల ఊహే. కేసు పెట్టాల్సింది ఎవరి మీదో!

ఎంత చెప్పినా చివరికి ఆడదాని ఒంటిని జనం ముందు పెట్టడమే కదా అనేవాళ్లుంటారు. ఇందులో కొంత నిజం ఉంది, దాటవేయను. అయితే మన సినిమా క్లబ్బు పాటను దీని పక్కన పెట్టి పోల్చి చూడండి. జ్యోతిలక్ష్మి, జయమాలిని ఎంత చురుకైన నర్తకులైనా, వాళ్ల ఒంట్లో ఏ భాగం తెర నిండా కనబడాలో, ఎంతసేపు కనబడాలో తేల్చింది కెమెరా, కత్తెర. బర్లెస్క్‌లో ఆ రెండూ ఆడే మనిషి చేతిలోనే ఉంటాయి. పాట, పేరు, పాత్ర, ఎక్కడ ఆగాలన్నది తనే ఎంచుకుంటుంది, తనను తేరిపార చూసే వాణ్ణి తనూ తిరిగి చూస్తుంది. ఆరంభం నుంచి ఈ తిరిగి చూడటమే అధికారులను ఎక్కువగా ఇబ్బంది పెట్టిందని నా అనుమానం. 1937లో న్యూయార్క్ మేయర్ లాగార్డియా హయాంలో ఈ థియేటర్ల లైసెన్సులు ఆపేసి, ప్రకటనల్లో ‘బర్లెస్క్’ అన్న మాటే కనబడకూడదన్నారు.

దీన్ని స్త్రీ స్వేచ్ఛకు పర్యాయపదంగా మోసేవాళ్లతోనూ నేను ఏకీభవించను. ఆర్థికమాంద్యం రోజుల్లో రోజుకు మూడు నాలుగు ఆటలు ఆడిన అమ్మాయిలను తెచ్చింది స్వేచ్ఛ కాదు, ఆకలి. 1990ల నుంచి న్యూయార్క్, లాస్ ఏంజెలెస్‌లలో మళ్లీ చిగురించిన బర్లెస్క్‌లో చాలామందికి పగటిపూట వేరే ఉద్యోగం ఉంది. దుస్తులకు పెట్టే ఖర్చు ప్రదర్శన డబ్బులకు మించిపోవడం కొత్తేమీ కాదు. కడుపు నిండినవాళ్ల సరదానూ కడుపు కోసం చేసిన పనినీ ఒకే గాటన కట్టకూడదు. కాకపోతే ఆకలి తెచ్చిన పనిలోనూ విద్య పుట్టొచ్చు. పాత నర్తకి జెన్నీ లీ కాలిఫోర్నియా ఎడారిలోని హెలెండేల్‌లో, ఒకప్పటి మేకల దొడ్డిలో, తోటివాళ్ల గౌన్లూ ఫొటోలూ పోగుచేసింది. ఆమె పోయాక డిక్సీ ఎవాన్స్ ఆ పని నడిపింది. అదే నేడు లాస్ వేగస్‌లో బర్లెస్క్ హాల్ ఆఫ్ ఫేమ్. పొట్టకోసం మాత్రమే చేసిన పని అయితే ఎడారిలో దాని గౌన్లు దాచుకోవాల్సిన అవసరం ఏముంది?

ఈ ఊరించడం మనకూ కొత్త కాదు. భామాకలాపంలో సత్యభామ కనబడక ముందు తెర మీదుగా ఆమె జడ కనబడుతుంది. జనం ఆ జడను చూస్తూ మనిషి కోసం ఎదురుచూస్తారు. వేదాంతం సత్యనారాయణశర్మ ఆ వేషంలో మగవాడని తెలిసీ మైమరచినవాళ్లకు, చూపును ఆపి పట్టడం అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. భామాకలాపం భక్తిలో పెరిగింది, బర్లెస్క్ వేళాకోళంలో. రెంటికీ చుట్టరికం కలపడం నా ఉద్దేశం కాదు. ఆలస్యం చేయడం ఎంత కష్టమైన పనో మాత్రం రెండూ ఎరుగును.

బర్లెస్క్ ఆట ముగిశాక వేదిక మీద పడి ఉన్న తొడుగులూ మేజోళ్లూ ఏరడానికి ఒకరు వస్తారు. ఆ లోకంలో వాళ్లను ‘స్టేజ్ కిటెన్’ అంటారు. ఇవాళ పేరున్న నర్తకుల్లో పలువురు మొదట వేదిక ఎక్కింది ఆ పని మీదే.