ఇంటి గుట్టు, ఆమె ఏకాంతం

మా పిన్ని కూతురికి వచ్చిన లాయరు నోటీసు మొదట చదివింది నేనే. 2014లో సంగతి. అప్పటికి ఆమె భర్త మీద మనోవర్తి కేసు వేసి రెండు నెలలు కూడా కాలేదు. అంతకుముందు మూడేళ్ళలో ఒక్కసారైనా పిల్ల ఎలా ఉందని అడగని మనిషి, తాను భార్యతో కాపురం చేయడానికి సదా సిద్ధంగా ఉన్నాననీ, ఆమే ఏ కారణమూ లేకుండా తన సాహచర్యం నుంచి తొలగిపోయిందనీ నోటీసు ఇప్పించాడు. పదిహేను రోజుల్లో కాపురానికి రాకపోతే కోర్టుకు వెళ్తామని చివర్లో ఉంది.

"పోలీసులొచ్చి పట్టుకుపోతారా అమ్మాయ్?" అని అడిగింది పిన్ని.

నాకు తెలీదు. అన్నేళ్ళుగా ఆడపిల్లలకు తెలుగు పాఠాలు చెబుతున్నదాన్ని, స్త్రీవాద సభల్లో మాట్లాడేదాన్ని, తెలీదని ఒప్పుకోలేక, "పోనీ ఒక్క నెల వెళ్ళి ఉండి చూడకూడదూ?" అన్నాను చెల్లెలితో. ఆమె నా మొహంలోకి చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆ సిగ్గుతోనే నేను తీర్పులు చదవడం మొదలుపెట్టాను. నాకు వచ్చిన విద్య కథలు చదవడం. తీర్పుల్నీ అలాగే చదివాను. ఇందులో మాట్లాడుతున్నది ఎవరు, మాట్లాడనిది ఎవరు, ఈ ఉపమానం ఎవరి పక్షాన నిలబడింది అని చూసుకుంటూ.

1955 నాటి హిందూ వివాహ చట్టంలో సెక్షన్ 9 ఉంది. దాంపత్య హక్కుల పునరుద్ధరణ అంటారు. గుళ్ళకీ చెరువులకీ వాడే ఈ 'పునరుద్ధరణ' అనే మాటను ఒక మనిషి మీద వాడటమే నాకు మొదట వింతగా తోచింది. సహేతుకమైన కారణం లేకుండా భార్య గానీ భర్త గానీ విడిగా ఉంటే, తిరిగి కాపురానికి రమ్మని కోర్టు డిక్రీ ఇవ్వొచ్చు. పిన్ని భయపడినట్టు పోలీసులు రారు. మాట వినకపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ కింద ఆస్తి జప్తు చేయించవచ్చు. డిక్రీ వచ్చాక ఏడాది గడిచినా కాపురం మొదలవకపోతే, ఆ కారణం చూపి ఇద్దరిలో ఎవరైనా విడాకులు అడగవచ్చు.

ఇదంతా మన ధర్మశాస్త్రాల్లోంచి వచ్చిందని నేనూ అనుకున్నాను. కాదు. ఇది ఇంగ్లండులో చర్చి కోర్టుల సొత్తు. 1867లో ప్రివీ కౌన్సిల్ ఒక ముస్లిం దంపతుల కేసులో దీన్ని మన నేల మీద ఖాయం చేసింది. ఇంగ్లండు 1970లో దీన్ని రద్దు చేసుకుంది. తెచ్చినవాళ్ళు పారేసినదాన్ని మనం మన సంస్కృతి అనుకుని దాచుకున్నాం.

దీన్ని ఎదిరించిన స్త్రీలలో మనకు బాగా తెలిసిన పేరు రఖ్మాబాయి. పదకొండేళ్ళకు పెళ్ళి చేశారు. కాపురానికి వెళ్ళనంది. భర్త దాదాజీ భికాజీ బొంబాయి హైకోర్టుకెక్కాడు. 1885లో జస్టిస్ పిన్హే దావా కొట్టేశారు. అప్పీలులో అది తిరగబడింది. 1887 మార్చిలో, వెళ్తావా, ఆరు నెలలు జైల్లో ఉంటావా అని తేల్చారు. జైలుకే వెళ్తానంది రఖ్మాబాయి. 1888లో రెండు వేల రూపాయలిచ్చి రాజీ పడ్డాక, లండన్ వెళ్ళి వైద్యం చదివి డాక్టరై తిరిగొచ్చింది. ఇది జరిగిన ఇరవై మూడేళ్ళకు, 1910లో, మన గురజాడ 'దిద్దుబాటు'లో కమలిని ఇల్లు విడిచి వెళ్ళిపోతున్నానని ఉత్తరం రాసిపెట్టి మంచం కిందకు చేరింది. ఆ కథ గొప్పదే, పాఠం చెప్పినప్పుడల్లా పిల్లలు నవ్వుతూనే ఉంటారు. కానీ నిజంగా గడప దాటిన స్త్రీని కోర్టు ఏం చేసిందో రఖ్మాబాయి చెప్పింది. ఆ పాఠం నేను ఎప్పుడూ చెప్పలేదు.

జైలు శిక్ష 1923లో పోయింది. సెక్షను మాత్రం స్వతంత్ర భారతంలోకి, హిందూ వివాహ చట్టంలోకి వచ్చి చేరింది. దాన్ని రాజ్యాంగం ముందు నిలబెట్టి ప్రశ్నించిన తీర్పు మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచే వచ్చింది. 1983 జులై 1న, సరిత వర్సెస్ వెంకట సుబ్బయ్య కేసులో జస్టిస్ పి.ఎ. చౌదరి సెక్షన్ 9 రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. సినిమా నటిగా పేరు తెచ్చుకున్న ఆమె, పెళ్ళయిందని చెబుతున్న నాటికి పదహారేళ్ళ హైస్కూలు పిల్ల. వెంటనే విడిపోయారు. ఏళ్ళ తర్వాత కడప సబ్ కోర్టులో కాపురానికి రమ్మని దావా పడింది.

ఆ తీర్పు చదువుతుంటే నాకు అద్భుతంగా అనిపించినది, అందులోని కోపం కాదు. కోపం ఉంది. ఈ నివారణను ఆయన అనాగరికమన్నారు, అణచివేత సాధనమన్నారు. కానీ అంతకంటే ముఖ్యం, ఆయన అడిగిన ప్రశ్న. ఈ డిక్రీ అమలైతే ఎవరి ఒంటికి ఏమవుతుంది? ఇష్టం లేని స్త్రీ ఆ గదిలోకి వెళ్తే, సంభోగానికి సరేననడం, కాదనడం అనే నిర్ణయం ఆమె చేతిలోంచి రాజ్యం చేతిలోకి పోతుంది. గర్భం వస్తే మోసేది ఆమె. భర్త రేపు తన పాత బతుకులోకి వెళ్ళిపోగలడు, ఆమె వెళ్ళలేదు. కాబట్టి ఇది 21వ అధికరణం ఇచ్చిన గోప్యతనూ గౌరవాన్నీ తీసేస్తోంది. చట్టంలో 'భార్య గానీ భర్త గానీ' అని రాసినంత మాత్రాన ఇద్దరూ సమానం అయిపోరు, సమానులు కానివాళ్ళని ఒకే తాటికి కడితే 14వ అధికరణం కూడా దెబ్బ తింటుంది. స్త్రీ శరీరం మీద జరిగేదాన్ని మన కవయిత్రులు కవిత్వంలో చెప్పడానికి తిట్లు తిన్న కాలానికి కాస్త ముందే, ఒక జడ్జి ఆ మాట తీర్పులో రాశారు.

అయిదు నెలలు తిరక్కుండానే ఢిల్లీ హైకోర్టు హర్విందర్ కౌర్ కేసులో ఈ తీర్పుతో విభేదించింది. జస్టిస్ అవధ్ బిహారీ రోహత్గీ వాడిన ఉపమానం చాలా ప్రసిద్ధం. ఇంట్లోకి రాజ్యాంగాన్ని తేవడమంటే పింగాణీ సామాన్ల దుకాణంలోకి ఆబోతును తోలినట్టే అన్నారు. ఇల్లు సున్నితమైనది, ఆ నాలుగు గోడల మధ్య 14కీ 21కీ పని లేదన్నారు.

ఈ ఉపమానం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పింగాణీ ఎవరు? పగిలిపోతుందని ఎవరికి భయం? ఆ కప్పులూ సాసర్లూ కడిగి తుడిచి బీరువాలో పెట్టేది ఎవరో, చెయ్యి జారితే తిట్లు తినేది ఎవరో ఆ ఉపమానంలో కనపడరు. ఆబోతు అప్పటికే ఇంట్లో తిరుగుతోందేమోనన్న అనుమానమూ అందులో లేదు. అయితే రోహత్గీ గారి మాటలన్నీ కొట్టిపారేయడం నాకు సాధ్యం కాలేదు. దాంపత్యమంటే సంభోగమొక్కటే కాదు, సాహచర్యం కూడా అని ఆయన చౌదరి గారిని తప్పుపట్టారు. అది నిజమే. కానీ సాహచర్యం డిక్రీతో వస్తుందా?

చిత్రమేమిటంటే ఈ ఇద్దరు జడ్జీలూ గోప్యత గురించే మాట్లాడారు. ఒకరు గోప్యత కోసం సెక్షన్ కొట్టేశారు, ఇంకొకరు గోప్యత కోసమే దాన్ని నిలబెట్టారు. ఇది నాకు ఎంతకీ కొరుకుడు పడలేదు, మన మాటల్లోకి తెచ్చుకునేదాకా. తెలుగులో మనకు రెండు మాటలున్నాయి. ఒకటి గుట్టు. ఇంకొకటి ఏకాంతం. గుట్టు ఇంటిది. ఇంటి గుట్టు లంకకు చేటు అని చిన్నప్పటి నుంచీ ఆడపిల్లలకే చెబుతారు. గుట్టు కాపాడవలసింది ఆమె, దాని వల్ల బాగుపడేది ఇల్లు. ఏకాంతం అలా కాదు, అది ఒక మనిషిది. తలుపు వేసుకునే హక్కు, వద్దనే హక్కు. ఢిల్లీ తీర్పు కాపాడింది గుట్టుని. మన హైకోర్టు తీర్పు కాపాడబోయింది ఏకాంతాన్ని. న్యాయశాస్త్రంలో రెండింటికీ గోప్యత అనే ఒకే పేరు పెట్టడం వల్ల, ఎవరికి కావలసినది వాళ్ళు అందులోంచి తీసుకున్నారు. స్త్రీవాద న్యాయ సిద్ధాంతకారులు గోప్యత అనే మాటను అనుమానంగా చూడటానికి కారణం ఇదే.

1984లో సుప్రీంకోర్టు సరోజ్ రాణి కేసులో ఢిల్లీ వైపు మొగ్గింది. పెళ్ళి విచ్ఛిన్నం కాకుండా ఆపడంలో ఈ సెక్షన్ ఒక సామాజిక ప్రయోజనం నెరవేరుస్తోందని చెప్పింది. ఆ కేసు కథ మాత్రం ఇది: కాపురానికి తీసుకెళ్ళమని దావా వేసింది భార్య. భర్త సరేనన్నాడు, డిక్రీ వచ్చింది. ఏడాది గడిచాక, మేం కలిసి ఉండలేదు కనుక విడాకులివ్వండని అతనే వచ్చాడు. తనను రెండు రోజులు ఉంచుకుని గెంటేశాడని ఆమె చెప్పింది. విడాకులు మంజూరయ్యాయి. పెళ్ళిని నిలబెడుతుందని కోర్టు మెచ్చుకున్న సెక్షనే ఆ పెళ్ళిని రద్దు చేయడానికి మెట్టు అయింది. ఈ వైరుధ్యాన్ని ఏ కథకురాలైనా రాసి ఉంటే, మరీ కల్పితంగా ఉందని మనమే అనేవాళ్ళం.

సరోజ్ రాణి కేసు ఇంకో చిక్కు ప్రశ్న కూడా వేస్తుంది. ఈ సెక్షన్‌ను స్త్రీలూ వాడుకుంటున్నారు. భర్త వదిలేస్తే, ఆ ఇంట్లోకి తిరిగి వెళ్ళడానికి వాళ్ళకు కనపడిన దారి ఇదొక్కటే. దీన్ని తీసేస్తే వాళ్ళ గతేమిటని అడిగే మహిళా న్యాయవాదులున్నారు. ఆ ప్రశ్న తేలిగ్గా తీసుకోవలసింది కాదు. చౌదరి గారి తీర్పులో నాకు కనపడిన లోటు కూడా ఇక్కడే ఉంది. ఆయన పడకగదిని చూశారు, వంటగదిని చూడలేదు. ఆమె చాకిరీ, ఆమె తిండి, ఆమె తల మీది కప్పు ఆ తీర్పులో దాదాపు లేవు. కానీ వదిలేయబడ్డ స్త్రీకి కావలసినవి అవే. వాటిని అడగడానికి ఆమె 'దాంపత్యం' అడగవలసి రావడమే అసలు అవమానం. 2005 గృహహింస చట్టం భాగస్వామ్య గృహంలో నివసించే హక్కును విడిగా ఇచ్చింది. మనోవర్తి హక్కు విడిగా ఉంది. ఇవి సరిగ్గా అమలు కావాలని కొట్లాడాలి గానీ, నీడ కోసం శరీరాన్ని తాకట్టు పెట్టే దారిని కాపాడుకోవడం ఎందుకు?

2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనంది. ఇంట్లో జరిగే అన్యాయానికి గోప్యత ముసుగు కాగలదన్న స్త్రీవాద విమర్శను జస్టిస్ చంద్రచూడ్ అందులో ప్రస్తావించారు. గోప్యత స్థలానికి కాదు, మనిషికి చెందుతుందన్న ఆలోచన ఆ తీర్పులో ఉంది. అంటే గుట్టు కాదు, ఏకాంతం. దాన్ని ఆధారం చేసుకుని 2019లో గుజరాత్ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం విద్యార్థులు సెక్షన్ 9ని సవాలు చేశారు. మరోవైపు 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, పద్దెనిమిదేళ్ళు నిండిన భార్య మీద భర్త చేసే బలాత్కారాన్ని అత్యాచారం నిర్వచనంలోంచి మినహాయించింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవండి. ఒకటి ఆమెను ఆ గదిలోకి రమ్మంటుంది. ఇంకొకటి ఆ గదిలో ఆమె 'వద్దు'కు అత్యాచార చట్టంలో చోటు లేదంటుంది.

మా చెల్లెలు వెళ్ళలేదు. 2017లో ఆమె మీద డిక్రీ వచ్చింది. మా వాళ్ళకు జప్తు చేయడానికి ఆస్తి ఏమీ లేదు. కానీ ఆ కాగితం ఇంకో పని చేసింది. కోర్టు రమ్మన్నా రాని ఆడదానికి మనోవర్తి ఏమిటని అవతలి వాళ్ళు పెద్దమనుషుల్లో కూర్చుని బేరం పెట్టారు. కొద్ది మొత్తం తీసుకుని ఆమె సంతకం పెట్టేసింది. జవాబు రాయించినప్పుడు ఆమె తన కష్టాలు ఒక్కొక్కటీ చెబుతుంటే, ఇవన్నీ కారణాల కిందకు రావమ్మా అని వకీలు సగం కొట్టేయడం నేను పక్కనే ఉండి చూశాను.

2025 జనవరి 10న సుప్రీంకోర్టు రీనా కుమారి కేసులో, అలాంటి డిక్రీ పాటించనంత మాత్రాన భార్యకు మనోవర్తి పోదని, వెళ్ళకపోవడానికి ఆమెకు తగిన కారణం ఉందా అన్నది చూడాలని చెప్పింది. గర్భస్రావమైతే భర్త చూడటానికి రాకపోవడం, ఇంట్లో మరుగుదొడ్డి వాడుకోనివ్వకపోవడం లాంటివి ఆ తీర్పు పేరు పేరునా లెక్కలోకి తీసుకుంది. చదివిన రాత్రే చెల్లెలికి ఫోన్ చేసి చెప్పాను.

"మరుగుదొడ్డి సంగతి కూడా రాశారా అక్కా?" అంది. రాశారన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మరి నావి కొట్టేశాడుగా" అంది.

ఆమెకు ఆ తీర్పు ఎనిమిదేళ్ళు ఆలస్యంగా వచ్చింది. సెక్షన్ 9 పోయినా ఆమెకు కొత్తగా కలిసొచ్చేది లేదు. కానీ ఇంకో ఇంట్లో ఇంకో పిన్ని ఎవరినో అదే ప్రశ్న అడుగుతుంది. అప్పుడు పక్కన నాలాంటి చదువుకున్నది ఒకతె ఉంటే, 'ఒక్క నెల ఉండి చూడు' అనకుండా ఉండటానికే ఇదంతా రాశాను. కొట్టేసిన ఆ సగం కాగితంలో ఏముందో రాయవలసింది కూడా మనమే.