తాడు ఎవరి చేతిలో?

తెలుగులో ఊరికే పడవెక్కినవాళ్ళు తక్కువ. కథలోనైనా సినిమాలోనైనా పడవ ఎక్కాలంటే అవతల ఏదో పని ఉండాలి. పార్వతీశం బారిష్టరు చదువుకని ఓడెక్కుతాడు. ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రకని బయల్దేరాడు కాబట్టి గంగ మీద పడవ ప్రయాణం చేశాడు. పెళ్ళో, మొక్కో, సంతో ఉండాల్సిందే. నలుగురు స్నేహితులు ఎండాకాలంలో ఒక వారం సెలవు పెట్టి, లంకల మధ్య పడవ నడుపుకుంటూ, నచ్చినచోట లంగరేసి, వండుకు తిని పడుకునే కథ మనకి దాదాపు లేదనే చెప్పాలి.

ఇంగ్లీషులో ఉంది. 1889లో జెరోమ్ కె. జెరోమ్ రాసిన 'త్రీ మెన్ ఇన్ ఎ బోట్'. ముగ్గురు మిత్రులు, ఒక కుక్క, థేమ్స్ నది, రెండు వారాల సెలవు. దానికి మన దగ్గరి చుట్టం ఎవరా అని వెతికితే శేఖర్ కమ్ముల 'గోదావరి' (2006) కనిపిస్తుంది. ఇందులోనూ కుక్క ఉంది, పైగా దాని మనసులో మాటలు కూడా మనకి వినిపిస్తాయి. ఈ సినిమా వెనక అదే దారిలో వెళ్ళిన బాపు రమణల 'అందాల రాముడు' (1973) ఉందని అందరూ అనేదే.

ఇంజనీరింగ్ చదివి, అమెరికా వెళ్ళొచ్చి సినిమాలు తీసిన కమ్ముల అంటే మా తరం సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ప్రత్యేకమైన అభిమానం. నాకూ ఉంది. 'గోదావరి'ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆ ఇష్టం ఉంది కాబట్టే ఒక ప్రశ్న వదలట్లేదు: ఈ పడవని నడుపుతున్నది ఎవరు?

ముందు సినిమా సాధించింది చెప్పాలి. 'అందాల రాముడు'లో లాంచీ ప్రయాణం భద్రాచలం రాములవారి దగ్గరికి. పడవే ఒక చిన్న ఊరు. డబ్బున్నవాళ్ళూ లేనివాళ్ళూ అందులోనే, ముళ్ళపూడి చురకలూ వాళ్ళ మధ్యే. 'గోదావరి'లోనూ గమ్యం భద్రాచలమే. రాజి పెళ్ళి అక్కడ. శ్రీరాం వెళ్తున్నది ఆ పెళ్ళికే, తను ప్రేమించిన మరదలి పెళ్ళికి. సీతకి మాత్రం అక్కడ ఏ పనీ లేదు. బొటీక్ సరిగ్గా నడవట్లేదు, ఇంట్లో సంబంధాల గొడవ. ఊపిరాడక ఒక్కతే లాంచీ ఎక్కేసింది. మొక్కు లేదు, తోడు లేదు.

ఇది చిన్న విషయం కాదు. "ఒక్కదానివే ఎక్కడికే? ఎందుకు?" అని అడిగితే "ఊరికే" అన్న జవాబు మన ఇళ్ళల్లో చెల్లదు. ఆడపిల్లకి అసలు చెల్లదు. తీర్థయాత్రకి వెళ్ళే లాంచీలో తీర్థంతో పనిలేని ఒక అమ్మాయిని కూర్చోబెట్టి, ఆమె అలిగినా, కిటికీలోంచి నీళ్ళు చూస్తూ కూర్చున్నా తప్పుపట్టకుండా మనల్ని కూడా పక్కన కూర్చోమన్నాడు కమ్ముల. ఏమీ జరగని సమయాన్ని ఏమీ జరగనట్టే చూపించే ధైర్యం మన సినిమాలో అరుదు. ఈ సినిమా నిలబడింది దానివల్లే, ప్రేమకథ వల్ల కాదనుకుంటాను.

ఇప్పుడు జెరోమ్ దగ్గరికి రండి. ఆ పుస్తకంలో నవ్వు చాలావరకు పని నుంచే పుడుతుంది. చక్కగా చుట్టి పెట్టిన తాడు అటు తిరిగి ఇటు చూసేసరికి చిక్కుపడిపోతుంది. పడవ మీద కప్పే గుడ్డ వీళ్ళనే చుట్టేసుకుంటుంది. పైనాపిల్ డబ్బా ఉంటుంది, దాన్ని తెరిచే పనిముట్టు ఉండదు. ముగ్గురికీ ఏదీ చేతకాదు, అయినా వాళ్ళే చేసుకోవాలి. స్నేహాలు బయటపడేది అక్కడే: ఎవడు పని తప్పించుకుంటాడు, ఎవడు పెత్తనం చేస్తాడు, ఎవడు తిట్టుకుంటూనే చేస్తాడు. చివరికి వాన తట్టుకోలేక పడవ వదిలేసి రైలెక్కి పారిపోతారు. నదికి తనదంటూ ఒక ఇష్టం ఉందని వాళ్ళకి తెలిసొచ్చింది.

'గోదావరి'లో వచ్చే గొడవలన్నీ మాటలవల్ల వచ్చేవే. నదివల్ల వచ్చే గొడవ నాకు గుర్తుండేంతగా ఒక్కటీ లేదు. పడవ నడిపే మనిషిగా తనికెళ్ళ భరణి ఉన్నాడు, బాగా నవ్విస్తాడు. కానీ నీళ్ళు ఎక్కడ లోతో, ఏ మలుపులో సుడి తిరుగుతుందో తెలిసిన మనిషి నడక, చూపు ఆ పాత్రకి ఇవ్వలేదు. బతుకుతెరువు కోసం ఎక్కినవాడిగా మనకి గుర్తుండేది బుడగలమ్ముకునే కుర్రాడు ఒక్కడే. మిగతావాళ్ళకి గోదావరి ఒక అందమైన పరదా. విజయ్ సి. కుమార్ కెమెరా ఆ పరదాని ఎంత బాగా పట్టుకుందంటే, దాని వెనక ఎవరున్నారో అడగాలనే తోచదు.

అడిగిన రచయిత మనకి ముందే ఉన్నాడు. పాలగుమ్మి పద్మరాజు 'పడవ ప్రయాణం' చదవండి. అక్కడా కథ చెప్పేవాడు ప్రయాణికుడే, హాయిగా పడుకున్నవాడే. కానీ ఆ రాత్రి పడవ మీద ఎవరు మేలుకుని ఉన్నారో అతనికి తెలుసు. బతిమాలి పడవెక్కిన రంగి, తాగి వచ్చిన పద్దాలు, వాళ్ళమీద అనుమానపడే పడవవాళ్ళు. పద్దాలు సరుకు దొంగిలించి జారుకుంటే నింద మొయ్యడానికి రంగి మిగులుతుంది. వినేవాడు ఆమెని ఉద్ధరించడు, తీర్పు చెప్పడు. తన విశ్రాంతి పక్కనే ఇంకొకరి బతుకు ఎలా నడుస్తోందో చూస్తాడు, అంతే. ఆ చూపు 'గోదావరి'కి ఒక్క పది నిమిషాలు దొరికినా ఇంకా పెద్ద సినిమా అయ్యేది.

పాతబస్తీలో ఉండేవాణ్ణి కాబట్టి ఈ లోటు నన్ను మరికాస్త గుచ్చుతుంది. మాకు నది ఉంది, పడవ లేదు. 1578 నాటి పురానాపూల్ మీదుగా మూసీ దాటేస్తాం. మూసీ గురించి పెద్దవాళ్ళు చెప్పే పెద్ద కథ 1908 సెప్టెంబర్ 28 నాటి వరద. అఫ్జల్‌గంజ్‌లో చింతచెట్టెక్కి 150 మంది బతికారంటారు. ఆ వరద తర్వాతే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. లంగర్ అన్న మాట మాకు బాగా తెలుసు, కానీ పడవవల్ల కాదు. ఏనుగుతో తప్పిపోయిన కొడుకు తిరిగొచ్చాడని హయాత్ బక్షీ బేగం హుసేనీ ఆలంకి గొలుసు మొక్కు తీర్చిందనీ, మొహర్రంలో లంగర్ ఊరేగింపు అలా మొదలైందనీ చెప్పుకుంటారు. లంగరు, సరంగు రెండూ ఫారసీ నుంచి వచ్చినవే. మా గల్లీలకి దగ్గరి మాటలు గోదావరి మీద పనిచేస్తున్నాయి, మేం మాత్రం అక్కడ ప్రయాణికులం.

అందుకే మాలాంటివాళ్ళకి గోదావరి తెరమీదే పరిచయమైంది. నాకు తెలిసిన చాలామంది పాపికొండలకి వెళ్ళింది ఆ సినిమా చూసే. రాత్రి బస్సు, పొద్దున్నే లాంచీ, మైకులో పాటలు, పేరంటపల్లి దర్శనం, కొల్లూరు ఇసుకలో వెదురు గుడిసెల్లో ఒక రాత్రి. టిఫిను, భోజనం అన్నీ ప్యాకేజీలోనే. తాడు ఎవరూ ముట్టరు. సినిమా నేర్పిన సెలవు అదే.

2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగింది. అప్పుడు గోదావరి వరద మీద ఉంది. బోటులో 70 మందికి పైగా ఉన్నారు, 26 మంది బయటపడ్డారు. ఎక్కినవాళ్ళలో చాలామంది హైదరాబాద్, వరంగల్ వైపు నుంచి సెలవుకని వెళ్ళినవాళ్ళు. నీళ్ళలో ఉన్నవాళ్ళని పైకి లాగింది ఒడ్డున ఊళ్ళవాళ్ళు, తమ చిన్న పడవల్లో వెళ్ళి. అక్టోబర్ 22న కాకినాడ వైపు నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం తాళ్ళూ లంగర్లూ వేసి బోటుని బయటకి తీసింది. అంతకుముందు ఏడాది మే నెలలో మంటూరు దగ్గర ఇంకో లాంచీ మునిగింది. అది విహారం కాదు. అందులో ఉన్నవాళ్ళు ఆ నది వెంట ఊళ్ళకి వెళ్ళే మామూలు జనం. మొదటిది మనకి గుర్తుంది. రెండోది ఎంతమందికి గుర్తుంది?

దీనికి సినిమాని బాధ్యుణ్ణి చెయ్యడం అన్యాయం. ఏ సినిమా లైఫ్ జాకెట్ల తనిఖీ చెయ్యదు. నేనంటున్నది వేరే. నదికి ఇష్టాయిష్టాలున్నాయని, దాని మీద పనిచేసేవాడి మాటకి విలువుందని మనకి చెప్పాల్సిన వాటిలో కథలూ ఉంటాయి. వరదలో పడవ తియ్యకూడదన్న జ్ఞానం జీవో నుంచి మాత్రమే వస్తే చాలదు, మన సరదాలోకి కూడా ఇంకాలి. జెరోమ్ పాఠకుడు నవ్వుకుంటూనే నది మాట వినడం నేర్చుకుంటాడు. మనం నవ్వుకున్నాం, పాటలు పాడుకున్నాం, నది మాట వినలేదు.

పైగా ఆ దారి కూడా అలాగే ఉండట్లేదు. 2006లో ఆ లాంచీ వెళ్ళింది ఒకే రాష్ట్రంలో. ఇప్పుడు రాజమండ్రి ఆంధ్రలో, భద్రాచలం తెలంగాణలో. పోలవరం కింద మునిగే ఊళ్ళు ఆ ఒడ్డుల మీదే ఉన్నాయి. 'గోదావరి'ని ఇప్పుడు మళ్ళీ చూస్తే సీతా శ్రీరాంల వెనక కనిపించే గుడిసెల మీదకే నా చూపు పోతోంది. అక్కడి మనుషులు ఇప్పుడు ఎక్కడున్నారు? సినిమా తెలియకుండానే ఒక రికార్డు దాచిపెట్టింది. దానికి మాత్రం కమ్ములకి రుణపడి ఉండాలి.

మన భాషలో మిత్రుల పడవ కథ రావాలనే నా కోరిక. యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ 2009 నుంచి హుస్సేన్ సాగర్‌లో పిల్లలకి తెరచాప పడవలు నేర్పుతోంది. బస్తీ పిల్లలు, సర్కారు బడి పిల్లలు జాతీయ పోటీల్లో పతకాలు తెచ్చారు. గాలి తిరిగితే తెరచాప ఎప్పుడు వదలాలో, పడవ బోల్తాపడితే ఎలా నిలబెట్టాలో వాళ్ళకి చేతితో తెలుసు. రేపు వాళ్ళలో నలుగురు స్నేహితులు సెలవు పెట్టి గోదావరి లంకల మధ్య వారం రోజులు తిరిగొచ్చి, ఎవడు వంట మాడ్చాడో, ఎవడు తాడు చిక్కుపెట్టాడో రాస్తే, ఆ పుస్తకం కొనే మొదటి పదిమందిలో నేనుంటాను.