పాలు ఇంట్లో, హాలు అంగన్‌వాడీలో

యూకేజీలో ఏం నేర్పిస్తున్నారని అడిగితే మా పావగడలో చాలామంది నోట్సు తెచ్చి చూపిస్తారు. ఏ నుంచి జెడ్ దాకా అయిపోయింది, ఒకటి నుంచి వంద దాకా అయిపోయింది, కన్నడ గుణింతాలు కూడా సగం పైగా వచ్చేశాయి. ఐదేళ్ల బిడ్డ చేత అంత రాయించిన టీచర్ ఓపికకు దండం పెట్టాల్సిందే. అయితే ఆ నోట్సులోకి ఎక్కని చదువు ఒకటి ఆ ఏడాదంతా నడుస్తూ ఉంటుంది. నా లెక్కలో అసలు చదువు అదే.

మా తాలూకా తెలియనివాళ్ల కోసం ఒక మాట. పావగడ ఉన్నది తుమకూరు జిల్లాలో. మూడు వైపులా మాత్రం ఆంధ్రే. మడకశిర, పెనుకొండ, కళ్యాణదుర్గం మాకు చుట్టాల ఊళ్లు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడ. శనిమహాత్ముని గుడి దగ్గర కొబ్బరికాయల బేరం ఏ భాషలో మొదలైనా ఏ భాషలో తెగుతుందో చెప్పలేం. ఇలాంటి చోట మూడేళ్ల పిల్ల అంగన్‌వాడీ గడప తొక్కే నాటికి తెలుగులో అలగడం, దబాయించడం, అవ్వ దగ్గర లేనిపోని చాడీలు చెప్పడం అన్నీ వచ్చేసి ఉంటాయి. కన్నడ మాత్రం టీవీలో విన్నదే.

ఇక్కడే మంచి మిస్సు పనితనం బయటపడుతుంది. గోడ మీద జంతువుల చార్టు ఉంటుంది. మిస్సు కప్ప మీద వేలు పెడుతుంది. పిల్లలు ‘కప్ప’ అని అరుస్తారు. ఆమె వాళ్లను కాదనదు, ‘కప్పె’ అని పక్కన ఇంకో మాట పెడుతుంది. మేక దగ్గర ‘మేకె’. కోతి దగ్గర ఏమీ మార్చే పని లేదు, రెండింటిలోనూ కోతే. కుక్క దగ్గరికొచ్చేసరికి ‘నాయి’ కొత్తగా వినబడుతుంది, జి.పి. రాజరత్నం రాసిన కుక్కపిల్ల పాట అభినయంతో పాడితే రెండు రోజుల్లో అదీ నోటికి పట్టేస్తుంది. అంకెలూ అంతే. ఒందు, ఎరడు దగ్గర తడబడిన పిల్ల ఐదు, ఆరు రాగానే గొంతు పెంచుతుంది. ఆ రెండూ ఇంటి మాటలే కదా.

వీటన్నిటికన్నా నాకు ముచ్చటేసేది పాల సంగతి. 2013లో కర్ణాటకలో క్షీరభాగ్య పథకం మొదలైనప్పటి నుంచి అంగన్‌వాడీ పిల్లలకు లోటాలో పాలు అందుతున్నాయి. ఇంట్లో తాగితే పాలు, ఇక్కడ తాగితే హాలు. పులి హులి అవుతుంది, పాము హావు అవుతుంది, పది హత్తు అవుతుంది. ఎవరూ సూత్రం చెప్పరు, పిల్లలే పసిగడతారు. అలా పసిగట్టిన బుడ్డోడొకడు అన్నంలోకి ‘హప్పు’ కావాలన్నాడు. మిస్సు నవ్వి పప్పు వేసింది, నేను మాత్రం వాడి బుర్రకు ముచ్చటపడ్డాను. హళగన్నడలో, అంటే పాత కన్నడలో, ‘ప’ ఉన్నచోట తర్వాతి శతాబ్దాల్లో ‘హ’ వచ్చిందని పండితులు తేల్చిన విషయాన్ని వీడు లోటా చేతిలో పట్టుకుని సొంతంగా పట్టేశాడు! ఇది ఏ నోట్సులో రాస్తారు, ఏ పరీక్షలో అడుగుతారు?

చేతి చదువు ఇంకొకటి. ఐదేళ్లకు మణికట్టులోని చిన్న ఎముకలన్నీ ఇంకా గట్టిపడి ఉండవు. అలాంటి చేతికి పెన్సిలిచ్చి పేజీలు నింపమంటే పిల్ల పిడికిలి బిగించి గీస్తుంది, అరపేజీకే చెయ్యి విదిలిస్తుంది. అదే పిల్ల ముందు గుప్పెడు శెనక్కాయలు పోయండి. బొటనవేలూ చూపుడువేలూ కలిపి నొక్కి, ఒలిచి, పప్పు పైపొట్టు కూడా ఊదుతుంది. పెన్సిలు పట్టుకోవడానికి కావలసిన పట్టు అదే. పళ్లెంలో రాగిపిండి పరిచి వేలితో అక్షరం దిద్దించడం, చింతగింజలు, ఆముదం గింజలు కలిపేసి వేరు చేయించడం, మట్టి పిసికి పొయ్యి చేయించడం అన్నీ ఈ కోవలోవే. జర్మనీలో ఫ్రోబెల్ 1837లో తన చిన్నపిల్లల బడి పెట్టి, చెక్క బంతులూ ఘనాలూ చేయించి పిల్లల చేతికిచ్చాడు. మాకు ఆ ఖర్చు లేదు, పంట ఇంట్లోనే ఉంది. అన్నట్టు, వంద దాకా గడగడా అప్పజెప్పే పిల్లను ఏడు గింజలు ఏరి ఇమ్మని అడిగి చూడండి. ఇస్తే ఆ పిల్లకు లెక్క వచ్చినట్టు. గుప్పెడు తీసి చేతిలో పెడితే వచ్చింది పాటే.

చార్టుల మీద నాకొక ఫిర్యాదుంది. ‘మన ఊరు’ అన్న బొమ్మలో ఇప్పటికీ ఎద్దులు, మడక, పచ్చటి పొలం. తిరుమణి వైపు బిడ్డ ఇంటి బయటికొస్తే కనబడేది 13,000 ఎకరాల్లో పరుచుకున్న సోలార్ పలకలు. 2018 నుంచి అక్కడ కరెంటు పండుతోంది. ఆ వయసు పిల్లలతో మాట్లాడించడానికి అంతకన్నా మంచి విషయం ఏముంటుంది? ఎండ ఎక్కడికి పోతోంది, పలకలకు ఎవరు నీళ్లు కొడుతున్నారు, తాత చేను ఎక్కడుంది అని అడిగితే గంటసేపు చెబుతారు.

ఇక తొందర సంగతి. ఒకటో తరగతిలో చేరాలంటే ఆరేళ్లు నిండాలని కర్ణాటక ప్రభుత్వం 2022లో ఉత్తర్వు ఇచ్చి, 2025-26 నుంచి అమలు చేస్తామంది. తల్లిదండ్రులు ఊరుకోలేదు. 2025 ఏప్రిల్‌లో ఆ ఒక్క ఏడాదికీ, యూకేజీ అయినవాళ్లకు, ఐదేళ్ల ఐదు నెలలున్నా చాలని సడలించారు. బిడ్డకు ఏడాది వృథా అవుతుందన్నది వాళ్ల బాధ. రెండు భాషల మధ్య బాట వేసుకుంటున్న పిల్లకు ఆ ఏడాది వృథా అని నేననుకోను.

కన్నడ వద్దనే మాట నాది కాదు. ఈ నేల మీద బతికే బిడ్డకు కన్నడ రావాల్సిందే, అది చక్కగా రావాలనే నా గోలంతా. తల్లి భాష ఏదో తేల్చుకోవలసింది తల్లిదండ్రులే, ప్రభుత్వం దాన్ని రుద్దకూడదని సుప్రీంకోర్టు 2014 మేలో కర్ణాటక కేసులోనే చెప్పింది. మావాళ్లు ఆ స్వేచ్ఛతో చేసిందల్లా ఇంగ్లిషు కాన్వెంటు వెతుక్కోవడం. నేను చూసిన ఒక కాన్వెంటులో తెలుగు మాట వినబడితే ‘ఫింగర్ ఆన్ ద లిప్స్’. నోటి మీద వేలు పెట్టించి భాష నేర్పే విద్య నాకర్థం కాదు. ఏమైనా అడగాలన్నా, కడుపునొప్పి అని చెప్పాలన్నా ఆ పిల్లకు ఉన్నది తెలుగే.

1975 అక్టోబర్ 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం పెట్టినప్పుడు చేసిన మంచి పని ఒకటుంది. అంగన్‌వాడీ కార్యకర్తను అదే ఊరి ఆడమనిషిని తీసుకోవాలన్నారు. అందుకే మా పల్లెల్లో మిస్సుకు పిల్లల యాస తెలుసు, వాళ్ల అవ్వ పేరు తెలుసు. లక్షలు పోసినా కాన్వెంటుకు దొరకని అర్హత ఇది. మా తాలూకా అంగన్‌వాడీలకు తెలుగు, కన్నడ రెండూ ఉన్న బొమ్మల చార్టులు వేయించి ఇవ్వమని శాఖవారిని అడుగుతున్నాను. అమ్మానాన్నలకూ ఒక మాట: ఈ జూన్‌లో బిడ్డను చేర్చేముందు నోట్సు చూపించమనకండి. ఒక పూట అక్కడే ఓ మూల కూర్చుని, పిల్లలు ఎంతసేపు మాట్లాడుతున్నారో, టీచర్ ఎంతసేపు వింటున్నారో చూసి రండి.