ఒంటిగంట దాటితే జిబూటి

మజిలీ చిన్నదైతే ఊరంతా చుట్టేయాలన్న ఆత్రం నాకుండదు. బజారులో ఓచోట కూలబడి, ఆ ఊరు ఏ వేళకోసం ఎదురుచూస్తుందో కనిపెడతాను. జిబూటిలో ఆ వేళ మధ్యాహ్నం ఒంటిగంట.

ఈ దేశం పేరు పత్రికల్లో వచ్చిందంటే సైనిక స్థావరాల గురించే. రావాల్సిందే మరి. బాబ్ ఎల్ మందెబ్ జలసంధి పక్కనే ఉంది, అవతలి ఒడ్డు యెమెన్. ఎర్రసముద్రం మీదుగా సూయజ్‌కు పోయే ఓడలు ఈ ఇరుకు దాటాలి. అందుకే ఉమ్మడి అనంతపురం జిల్లా కంటే కాస్త పెద్దదైన ఈ నేలమీద ఫ్రాన్స్, అమెరికా, జపాన్, ఇటలీ మకాం వేశాయి. 2017లో చైనా కూడా చేరింది. పరాయి గడ్డమీద దానికిదే మొదటి స్థావరం. అమెరికా ఏటా 6.3 కోట్ల డాలర్ల అద్దె కట్టేలా 2014లో ఒప్పందం రాసుకున్నారు. గదులన్నీ అద్దెకిచ్చి, గిట్టని వాళ్లను కూడా పక్కపక్క వాటాల్లో పెట్టిన ఇంటి ఓనరు తెలివి ఇది.

బజారులో మాత్రం ఆ ఊసే లేదు. అందరి చూపూ ఇథియోపియా నుంచి రావలసిన ఖాత్ మీదే. నమిలితే హుషారెక్కించే లేతాకు. కోసిన రెండ్రోజులకల్లా పస పోతుంది కాబట్టి రోజూ కొత్త సరుకు దిగాల్సిందే. ఒంటిగంటకు ఆకు బండి హారన్ వినబడగానే వీధికి ప్రాణం లేచొస్తుంది. బల్లల వెనక కూర్చున్న ఆడవాళ్లు కట్టల్ని తడిగుడ్డలో చుట్టి పెడతారు. కొనేవాడు కట్ట విప్పి, కొమ్మ చివర తుంచి చూసి, మొహం చిట్లించి ఇంకోటి అడుగుతాడు. మన తమలపాకుల బేరమే. కాసేపటికి మగవాళ్లంతా నీడపట్టుకు చేరతారు, వీధి ఖాళీ. ఇంటి ఖర్చులో పెద్ద వాటా ఈ ఆకు తినేస్తోంది. అమ్మేదీ ఆడవాళ్లే, ఆ లోటు పూడ్చుకోవాల్సిందీ ఆడవాళ్లే. నాకది మింగుడుపడలేదు.

1993లో ఎరిత్రియా విడిపోయాక ఇథియోపియాకు సముద్రమే లేకుండా పోయింది. దాని దిగుమతుల్లో చాలా భాగం జిబూటి రేవులోనే దిగుతుంది. సరుకు ఇటునుంచి అటు ఎక్కుతుంది, ఆకు అటునుంచి ఇటు దిగుతుంది. కరెంటులో పెద్ద వాటా కూడా అక్కణ్ణుంచే. నన్నడిగితే ఈ దేశం ఆయువుపట్టు స్థావరాల్లో లేదు, ఇథియోపియా చేతిలో ఉంది.

మనకూ ఈ రేవుతో ఓ బంధముంది. 2015లో యెమెన్ యుద్ధంలో చిక్కుకున్న భారతీయుల్ని నౌకాదళం ముందు ఇక్కడికే చేర్చింది. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు.

వెళ్లేవాళ్లకు ఓ మాట. వేసవి వద్దు, ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రేవు, స్థావరాల వైపు కెమెరా తిప్పకండి. ఆఫీసు పనులేవైనా ఉంటే పొద్దున్నే ముగించుకోండి.