జడుపు ఎవరిది?

పాపకి అప్పుడు రెండేళ్ల ఎనిమిది నెలలు. రాత్రి తొమ్మిదిన్నరకి పడుకుంది. పదకొండు కావస్తుండగా ఒక్క కేక. పరుగెత్తుకెళ్లేసరికి మంచం మీద కూర్చుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు, నా భుజం మీదుగా గోడవైపు చూస్తోంది. నుదురూ మెడా చెమటకి తడిసిపోయాయి. ఎత్తుకోబోతే రెండు కాళ్లతో తన్నింది. "అమ్మా" అని నన్నే పిలుస్తూ నన్నే నెట్టేసింది.

పక్కగదిలోంచి మా అమ్మ వచ్చింది. ఒక్క చూపు చూసి, "జడుసుకుంది" అని వంటింట్లోకి వెళ్లి గుప్పెడు రాళ్లుప్పు, అయిదు ఎండుమిరపకాయలు తెచ్చింది. పాప చుట్టూ మూడుసార్లు తిప్పి, తీసుకెళ్లి పొయ్యిమీద వేసింది. "ఘాటు వచ్చిందా? రాలేదు. అంత దిష్టి" అంది. మేము మళ్లీ గదిలోకి వచ్చేసరికి పాప పక్కకి ఒరిగి నిద్రపోతోంది.

మర్నాడు పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాం. "నైట్ టెర్రర్. ఏమీ చెయ్యకండి, పెద్దయితే పోతుంది" అన్నారు. రెండు నిమిషాల్లో బయటికి వచ్చేశాం.

ఒకటే రాత్రికి రెండు వివరణలు. మా అమ్మది జడుపు, డాక్టరుది నైట్ టెర్రర్. ఒకటి మూఢనమ్మకమనీ, ఇంకోటి సైన్సనీ విడదీసి ఊరుకోవడం నాకు చేతకాలేదు. అవే రాత్రులు ఇంకా చాలా వచ్చాయి. ప్రతిసారీ ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తూనే ఉన్నాను.

ముందు జడుపు సంగతి. ఈ మాట కింద మన ఇళ్లలో చాలా పడతాయి. నెల పిల్లాడు నిద్రలో రెండు చేతులూ చాచి ఉలిక్కిపడితే జడుపు. ఏడాది పిల్ల రాత్రంతా గుక్కపెట్టి ఏడిస్తే జడుపు. జ్వరంలో పలవరిస్తే జడుపే. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం స్కందుడు, శకుని, రేవతి, పూతన మొదలైన తొమ్మిది బాలగ్రహాలను చెబుతుంది. ఏడుపు, జ్వరం, మూర్ఛ అన్నీ ఆ గ్రహాల లెక్కలోనే కలిసిపోయాయి. పసిపిల్లలు ఎందుకు చనిపోతున్నారో తెలియని కాలంలో ఆ వర్గీకరణ ఒక గొప్ప ప్రయత్నం. ఏ గ్రహానికి ఏ లక్షణమో గమనించి రాసిన వైద్యుల చూపు చిన్నదేమీ కాదు. కానీ అన్నీ కలిపేసిన ఆ గంప ఇంకా మన నెత్తిమీదే ఉంది.

నైట్ టెర్రర్ అన్న మాట ఆ గంపలోంచి ఒక్కదాన్నే ఏరి బయట పెడుతుంది. నెలల పిల్లల ఉలికిపాటు పుట్టుకతో వచ్చే స్పందన, నాలుగైదు నెలలకి దానంతటదే పోతుంది. ఏడాది లోపు పిల్లలు రాత్రి ఏడిస్తే ఆకలి, చెవిపోటు, కడుపు ఉబ్బరం వెతకాలి, అది నైట్ టెర్రర్ కావడం అరుదు. పీడకల వేరు. అది తెల్లవారుజాము వైపు వస్తుంది, పిల్ల నిజంగా మేలుకుంటుంది, మనల్ని కరుచుకుంటుంది, పొద్దున కుక్క వచ్చిందనో బూచాడొచ్చాడనో చెబుతుంది. నైట్ టెర్రర్ పడుకున్న గంట నుంచి మూడు గంటల లోపు, గాఢనిద్రలోంచి వస్తుంది. మెదడులో కొంత భాగం లేస్తుంది, మిగతాది నిద్రలోనే ఉంటుంది. 1968లో రోజర్ బ్రౌటన్ 'సైన్స్' పత్రికలో ఈ సంగతే రాశాడు: నిద్రలో నడక, పక్క తడపడం, ఈ కేకలు కలల నిద్రలో పుట్టినవి కావు, సగం మెలకువలో చిక్కుకుపోయినవి అని. అందుకే పిల్ల కళ్లు తెరిచి ఉన్నా మనం కనబడం. అందుకే పొద్దున దానికి ఏమీ గుర్తుండదు.

ఈ చివరి మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మా పాప అంత కేక పెట్టినా భయం దాని దగ్గర మిగల్లేదు. నా దగ్గర మిగిలింది. చేతులు వణుకుతూ తెల్లవార్లూ దాని ఊపిరి చూస్తూ కూర్చున్నది నేను.

భాగవతం దశమ స్కంధంలో పూతన కథ గుర్తొచ్చింది. రాక్షసి కూలిపోయి ఉంది, పసివాడు దాని రొమ్ముమీద నిర్భయంగా ఆడుకుంటున్నాడు. హడలిపోయింది యశోద, రోహిణి, గోపికలు. ఆవుతోక తిప్పారు, గోధూళి చల్లారు, ఒక్కో అవయవానికి ఒక్కో దేవుడి పేరు కాపలా పెట్టారు. మన దిష్టికి అంతకన్నా అందమైన చిత్రం నాకు తెలియదు. అందులో రక్ష ఎవరికి కావలసివచ్చిందో కవికి తెలుసు.

ఆ లెక్కన చూస్తే మా అమ్మ ఉప్పు-మిరపకాయలు పాపకి మందు కాదు, మాకు మందు. ఇంకో సంగతి గమనించాను. వంటింట్లోకి వెళ్లి, డబ్బాలు వెతికి, తిప్పి, కాల్చి తిరిగి వచ్చేసరికి పది నిమిషాలు పట్టింది. నైట్ టెర్రర్ తనంతట తాను చల్లారేదీ దాదాపు అంతసేపట్లోనే. ఆ పది నిమిషాలూ అమ్మ చేతులకి పని ఉంది, పిల్లని పట్టి కుదపలేదు, మొహాన నీళ్లు కొట్టలేదు. నేనైతే ఆ రెండూ చేసేదాన్నే. కుదిపి లేపాలని చూస్తే కేకలు ఇంకా పొడుగవుతాయి.

ఇక్కడ డాక్టరు మాట ఓడిపోయింది. "ఏమీ చెయ్యకండి" అన్న సలహా నిజమే గానీ ఒక తల్లికి అంతకన్నా కష్టమైన పని లేదు. రాత్రి పదకొండింటికి రెండు గదుల ఫ్లాట్‌లో, పక్కవాళ్లు తలుపు కొడుతుంటే, ఏమీ చెయ్యకుండా ఎలా ఉంటాం? చెయ్యాల్సినవి ఉన్నాయి, వాటిని ఎవరూ విడమరిచి చెప్పలేదు. మంచం అంచున కూర్చుని పడిపోకుండా చెయ్యి అడ్డం పెట్టడం. పెద్దలైటు వెయ్యకపోవడం. ఏమైందమ్మా అని అడగకుండా ఉండటం. నేలమీద బొమ్మలు తీసెయ్యడం.

అయితే జడుపు ఓడిపోయే చోట్లు ఇంతకన్నా పెద్దవి. మా ఊళ్లో పెద్దవాళ్లు జడుపు జ్వరం అంటారు. జడుసుకుంటే జ్వరం వస్తుందని. వైద్యం చెప్పేది దీనికి తలకిందులు: ముందు జ్వరం, దానివల్ల నిద్ర చెడి ఈ కేకలు. కారణాన్ని ఫలితం చేసుకుంటే జ్వరం చూసే పని వెనక్కి పోతుంది. అలాగే మూర్ఛ. కేకలు ఒకే రాత్రి పదేపదే వచ్చినా, కాలో చెయ్యో ఒకే తీరున కొట్టుకుంటున్నా, ఒళ్లు బిగుసుకుపోతున్నా అది వేరే విషయం. తాయెత్తు కట్టి వారం ఆగకూడదు.

గొంతులో టాన్సిల్స్ సంగతి ఇంకోటి. 2003లో స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్టియన్ గిలెమినో బృందం నిద్రలో నడిచే, కేకలు పెట్టే 84 మంది పిల్లల్ని పరిశీలించింది. అందులో 49 మందికి నిద్రలో ఊపిరి సరిగా ఆడటం లేదు. టాన్సిల్స్, అడినాయిడ్స్ తీయించుకున్నవాళ్లకి కేకలూ పోయాయి. మా పాప కూడా నోరు తెరిచి, గురక పెట్టి పడుకునేది. మేము ఆ గదిలో తలుపులు మూసి సాంబ్రాణి వేస్తూ వచ్చాం. ఆ పొగ తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు కోపం వస్తుంది.

నెల్లూరు, కర్నూలు, పాతబస్తీ ఎక్కడైనా సాయంత్రం నమాజు అయ్యే వేళకి మసీదు గుమ్మం దగ్గర పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డ తల్లుల్ని చూస్తాం, బొట్టు పెట్టుకున్నవాళ్లతో సహా. బయటికి వచ్చే పెద్దాయన దువా చదివి పిల్లవాడి మొహం మీద ఊదుతాడు. ఏ మతం వాళ్లైనా జడుపు దగ్గర ఒకటైపోతారు. దీన్ని నేను కొట్టిపారెయ్యను. కానీ "తగ్గింది" అన్న సాక్ష్యం దగ్గర మాత్రం ఆగాలి. కెనడాలో క్యుబెక్ రాష్ట్రపు పిల్లల్ని ఏళ్ల తరబడి వెంబడించిన అధ్యయనం 2015లో వచ్చింది. తల్లిదండ్రులు చెప్పిన లెక్కన ఏడాదిన్నర వయసులో 34.4 శాతం మందికి ఈ కేకలు ఉన్నాయి, అయిదేళ్లకి 13.4, పదమూడేళ్లకి 5.3. తల్లిదండ్రులు చెప్పిన లెక్క కాబట్టి ఏడాదిన్నర పిల్లల్లో మామూలు ఏడుపులూ కొన్ని కలిసి ఉండొచ్చు. అయినా దారి మాత్రం స్పష్టం, వయసుతో పోతుంది. కాబట్టి చిట్టచివర ఏ తాయెత్తు కడితే దానికే పేరు వస్తుంది.

న్యాయంగా ఇదే ప్రశ్న సైన్సునీ అడగాలి. 1988లో బ్రయన్ లాస్క్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న ఉపాయం రాశాడు. అయిదు రాత్రులు కేక వచ్చే టైము రాసుకోండి, తర్వాత ఆ టైముకి పది పదిహేను నిమిషాల ముందే పిల్లల్ని పూర్తిగా లేపి, మళ్లీ పడుకోబెట్టండి అని. 19 మంది పిల్లల్లో వారం లోపే కేకలు ఆగాయని చెప్పాడు. లేపకుండా వదిలేసిన పిల్లలతో పోల్చి చూడలేదు. అందుకని ఇదీ తాయెత్తు లాంటిదే అంటారా? అనను. తేడా ఒకటుంది. ఇది పని చెయ్యకపోతే పని చెయ్యలేదని మనకి తెలుస్తుంది. మిరపకాయలకి ఆ వీలు లేదు. ఘాటు రాకపోతే దిష్టి ఉందని, వస్తే పోయిందని. ఎప్పుడూ తప్పని పరీక్ష ఏమీ చెప్పదు.

ఈ ఉపాయం మా అమ్మకి చెబితే ఆశ్చర్యపోతుందనుకున్నాను. "ఒంటేలుకి లేపడమేగా? మిమ్మల్నందర్నీ పదింటికి లేపేదాన్ని" అంది. అవును, మా చిన్నప్పుడు పక్క తడపకుండా రోజూ లేపేది. ఉచ్చ నిండి ఉండటం కూడా ఈ కేకల్ని రేపే వాటిల్లో ఒకటి. పేరు లేకుండా ఇంట్లో ఉన్న పద్ధతే అది. ఏ దిష్టి కన్నా విలువైనది, దిష్టి ముందు ఎవరూ తలుచుకోనిది.

అమ్మతో నేను గట్టిగా పోట్లాడింది ఒక్క విషయానికే. పొద్దున పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని "రాత్రి ఏం చూశావే, బూచాడు వచ్చాడా?" అని అడిగేది. గుర్తే లేని పిల్లకి మనమే ఒక బూచాణ్ణి ఇస్తున్నాం. నాలుగు రోజులయ్యాక పాప ఆ మూల వైపు పడుకోనంది. "ఉప్పు తిప్పుకో, దండం పెట్టుకో, పొద్దున మాత్రం అడక్కమ్మా" అన్నాను. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత అడగడం మానేసింది.

పాప నిద్ర ఎనిమిదిన్నరకి జరిపాం. కేక వేళ కూడా గంట ముందుకి జరిగింది. కాగితం మీద అయిదు రాత్రులు రాశాను: 9.50, 9.55, 9.45, 9.55, 9.50. తొమ్మిదిన్నర దాటగానే లేపే పని అమ్మ తీసుకుంది. బాత్రూముకి తీసుకెళ్లి, రెండు గుక్కల నీళ్లు పట్టించి, మొహం తుడిచేది. నాలుగో రాత్రో అయిదో రాత్రో పాప నీళ్లగ్లాసు పట్టుకుని "తెల్లారిందా అమ్మమ్మా?" అని అడిగింది.

"లేదు తల్లీ. పడుకో."

నేను హాల్లో కూర్చుని గడియారం చూస్తూనే ఉన్నాను. పది దాటింది. పదకొండూ దాటింది. లేచి తలుపు తీసి చూస్తే, పాప పొట్టమీద చెయ్యి వేసుకుని అమ్మ కూడా నిద్రపోతోంది.