వంశపుజాడ తీయు విద్య

కడలి దాటిపోయిన తాత పుట్టిన ఊరేదో తెలియక వచ్చు మనుమనికి ఆ ఊరి పొలిమేర చూపించు వృత్తికంటె కరుణగల వృత్తి వేఱొకటి నాకు తోపదు. 1860 నవంబరు 16న మద్రాసునుండి ‘ట్రూరో’ ఓడ డర్బను రేవు చేరినది మొదలు 1911 వఱకు దక్షిణాఫ్రికాలోని నాటాలుకు ఒప్పందపుకూలీలుగా పోయిన లక్షన్నర మందిలో తెలుగువా రనేకులు. ఓడపట్టికలలో ప్రతి మనిషికిని సంఖ్య, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము వ్రాయబడినవి. గుమాస్తా చెవికి సోకినట్లు ఆంగ్లలిపిలో వికృతమైపోయిన పేరునుండి అసలుపేరు రాబట్టుటయే ఈ విద్యకు ప్రాణము. హిందూపురము, పెనుకొండ, ధర్మవరముల వంటి చోట్ల మూలములు వెదకువాడు, 1882లో అనంతపురము జిల్లా యేర్పడకమునుపు ఈ సీమ బళ్ళారి జిల్లాలోని దని యెఱుగనిచో పట్టికలో దారి తప్పును.

కాగిత మాగినచోట నోటిమాట మొదలగును. ఎద్దుతో గడపగడపకు వచ్చి వంశావళి చదువు కన్నడసీమ హెళవలును, గోత్రములు చెప్పు మన పిచ్చుకుంట్లవారును ఈ వృత్తికి పెద్దలు. తాతముత్తాతల పేర్లు తడుముకొనక పలుకు ఆ కంఠము వినిన నాకు చేతులు జోడింపబుద్ధియగును. కడలి దాటి తిరిగిరాని తమ్ముని పేరును గూడ చెప్పుమని వారి నడిగి చూడవలెను.